చూసి రమ్మంటే కాల్చి వచ్చే సెడ్ గారికి

మహారాజశ్రీ సెడ్ గారికి, మాదాపూర్ నుంచి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. సర్వర్ల సంగతే చెప్పలేం.

ఫైళ్ళలో ఒక మాట వెతికి దాని చోట ఇంకోటి పెట్టే కమాండ్‌గా మీరు 1970లలో బెల్ ల్యాబ్స్‌లో లీ మెక్‌మాన్ గారి చేతిలో పుట్టారు. ఇన్నేళ్ళొచ్చినా దూకుడు తగ్గలేదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మీ పాఠం ఒక్క పూటలో తేల్చేస్తారు. మిగిలింది అర్ధరాత్రి రిలీజ్‌లో మీరే స్వయంగా నేర్పిస్తారు.

మీ విధేయతకు వంక పెట్టలేం. ఇంజిన్ ఎక్స్ అనే వెబ్ సర్వర్ సెట్టింగుల ఫైల్లో పోర్టు నంబరు 80 ఉన్నచోటల్లా 443 పెట్టమంటే తు.చ. తప్పకుండా పెడతారు. కింద, వచ్చిన రిక్వెస్టుల్ని వెనకున్న యాప్‌కి పంపే ప్రాక్సీ పాస్ లైన్లో పాపం ఒక 8080 ఉంటుంది. అందులోనూ 80 ఉంది కదా, అదీ రెండుసార్లు! 443443 చేసి పెడతారు. పోర్టు నంబర్లు 65535తో ఆగిపోతాయన్న లోకజ్ఞానం మీకెందుకు? రీలోడ్‌కి ముందు ఎవరైనా ఫైల్లో తప్పులు పట్టే 'ఇంజిన్ ఎక్స్ మైనస్ టీ' కొడితే పట్టుబడతారు. కొట్టేవాళ్ళేరీ? ఇక ఐపీ అడ్రసులో చుక్క మీకు చుక్క కాదు, ఏ అక్షరమైనా సరే. ముందు బ్యాక్‌స్లాష్ పెట్టి బతిమాలాలి.

వెతకమన్న మాట ఫైల్లో లేనే లేదనుకోండి. మాటలు వెతికిపెట్టే మీ చుట్టం గ్రెప్ అయితే దొరకలేదని 1 తెచ్చి చేతిలో పెడతాడు. ఇద్దరూ ఈడీ అనే పాత ఎడిటర్ వంశమే (సోదాలు చేసే ఈడీ కాదు). మీరు మాత్రం ఏమీ మార్చకుండానే దర్జాగా 0 ఇస్తారు, అంటే పని సక్సెస్ అని. అది చూసి రిలీజ్ నడిపే పైప్‌లైన్ పచ్చగా వెలుగుతుంది, మేనేజర్ గారు గ్రూపులో దండం ఎమోజీ పెడతారు.

ఇంజిన్ ఎక్స్ చదివే సైట్స్ ఎనేబుల్డ్ ఫోల్డర్లో ఉండేవి మామూలుగా సిమ్‌లింకులు, అంటే సైట్స్ అవైలబుల్ ఫోల్డర్లోని అసలు ఫైళ్ళకి దారి చూపే షార్ట్‌కట్లు. వాటి మీద, ఫైలునే నేరుగా మార్చమనే 'మైనస్ ఐ' ఆప్షన్ ప్రయోగిస్తే మీరు కొత్త ఫైలు రాసి, లింకు స్థానంలో దాన్ని కూర్చోబెడతారు. మర్నాడు ఎవరో సైట్స్ అవైలబుల్‌లో అసలు ఫైలు మారుస్తారు. సర్వర్‌కి చీమ కుట్టినట్టైనా ఉండదు. లింకు తెగకుండా 'ఫాలో సిమ్‌లింక్స్' అనే ఆప్షన్ మీ దగ్గరే ఉంది, అడిగితేనే గానీ ఇవ్వరు.

ఇట్లు,
ఆన్‌కాల్‌లో ఉన్నవాడు

తా.క.: మాక్‌లో ఉండే మీ దాయాది 'మైనస్ ఐ' పక్కన బ్యాకప్ పేరు చెప్పందే పని మొదలుపెట్టడు. వద్దంటే ఖాళీ కోట్స్ అయినా చేతిలో పెట్టాలి. మా టీంలో అందరూ ఆయన్నే తిడతారు.