చెత్త ఏరడం సరే, ఎత్తుకుపోయినవాటి సంగతేంటి?

మళ్లీ బీచ్ క్లీనింగ్ ఫొటోలు. గ్లవ్స్ వేసుకుని, నిండిన సంచుల పక్కన వరసగా నిలబడి నవ్వుతున్న జనం. తప్పేం లేదు, నేనూ రెండుసార్లు వెళ్లి ఏరొచ్చాను. ఆ ఫొటోల కింద కామెంట్లు చదివితేనే ఒళ్లు మండుతుంది. సముద్రాన్ని కాపాడేశామట! సముద్రానికి పట్టిన పీడ అంతా ప్లాస్టిక్ సీసాల్లోనే ఉన్నట్టు.

నా లెక్క వేరు. తీరానికి మనిషి చేసిన నష్టంలో పారేసినదాని కంటే ఎత్తుకుపోయినదే పెద్దది. పారేసింది ఒడ్డుకు కొట్టుకొస్తుంది, కాలికి తగులుతుంది, ఫొటోలో పడుతుంది. ఎత్తుకుపోయింది ఎలా కనిపిస్తుంది? లేని చేపకు ఫొటో ఎవరు తీస్తారు?

ఒకచోట మాత్రం తెలియకుండానే తీశారు. అమెరికాలో ఫ్లోరిడా కొసన కీ వెస్ట్ అనే ఊరుంది. పడవ మాట్లాడుకుని సరదాగా వేటకు వెళ్లినవాళ్లు రేవుకొచ్చాక తమకు దొరికిన పెద్ద చేపల్ని బోర్డుకు వేలాడదీసి, పక్కన నిలబడి ఫొటో దిగేవారు. లోరెన్ మెక్లెనకన్ అనే పరిశోధకురాలు 1956 నుంచి 2007 దాకా దిగిన అలాంటి ఫొటోలు ముందేసుకుని అందులోని చేపల్ని కొలిచారు. మొదట్లో సగటు చేప బరువు దాదాపు 20 కిలోలు. చివరికొచ్చేసరికి 2.3 కిలోలు. పాత ఫొటోల్లో భారీ గ్రూపర్లు, సొరలు. కొత్తవాటిలో చిన్న చిన్న స్నాపర్లు. అయినా జనం నవ్వు మాత్రం తగ్గలేదు. వాళ్లు చూసిన సముద్రం అదే మరి, తాతల నాటి చేప ఎంతుండేదో వాళ్లకెలా తెలుస్తుంది?

డేనియల్ పాలీ అనే మత్స్యశాస్త్రవేత్త 1995లోనే ఈ జబ్బుకు పేరు పెట్టారు, షిఫ్టింగ్ బేస్‌లైన్ అని. ప్రతి తరమూ తాను కళ్లు తెరిచిన రోజున ఉన్నదే అసలు లెక్క అనుకుంటుంది, అక్కడినుంచే తరుగు కొలుస్తుంది. అప్పటికే పోయింది ఎవరి ఖాతాలోనూ పడదు. "మా చిన్నప్పుడు సముద్రం ఎంత బాగుండేదో" అనేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మీ చిన్నప్పటికే అది సగం ఖాళీ అయిన ఇల్లు.

ఆల్చిప్పల, అంటే ఆయిస్టర్ల సంగతి తీసుకోండి. అమెరికా తూర్పు తీరంలో చెసపీక్ అనే పెద్ద అఖాతం ఉంది. ఒకప్పుడు అక్కడ ఆయిస్టర్లు ఒకదానిమీద ఒకటి అతుక్కుని దిబ్బలు దిబ్బలుగా పెరిగేవి, ఓడలు తగులుకునేంత ఎత్తుకు. ఆయిస్టర్ తిండి తినడమంటే నీళ్లు వడకట్టడమే. బాగా ఎదిగినది రోజుకు 190 లీటర్ల దాకా వడకడుతుంది. ఆ అఖాతం నీళ్లన్నింటినీ పాతకాలపు ఆయిస్టర్లు ఆరు రోజుల్లోపే వడకట్టేసేవని ఒక అంచనా. 1980లలో మిగిలినవాటికి అదే పని దాదాపు ఏడాది పడుతుందని లెక్కగట్టారు. 19వ శతాబ్దంలో ఇనుప పళ్ల డ్రెడ్జ్‌లతో అడుగంతా గీకి తీసుకెళ్లారు, ఆ తర్వాత రోగాలొచ్చి మిగిలినవాటినీ తిన్నాయి. ఇప్పుడున్నవి ఒకప్పటితో పోలిస్తే ఒక శాతం అటూ ఇటూ అంటారు. మనం తిన్నది మాంసమే అనుకుంటాం గానీ, ఆ మాంసంతో పాటు ఒక వడపోత యంత్రం పోయింది, చేపపిల్లలు దాక్కునే సందులు పోయాయి, అలల జోరు తగ్గించే గట్టు పోయింది. తర్వాత పొలాల ఎరువులు వచ్చిపడి నీళ్లు పచ్చగా మారితే "అయ్యో కాలుష్యం" అన్నాం. కాలుష్యం నిజమే. దాన్ని కడిగే చేతుల్ని అంతకు వందేళ్ల ముందే నరికేశామన్నది ఎవరికీ గుర్తులేదు.

కెనడా తూర్పు కొసన ఉన్న న్యూఫౌండ్‌లాండ్ కాడ్ చేప కథ చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. దాదాపు ఐదొందల ఏళ్లు పట్టినా తరగని చేప, పెద్ద ట్రాలర్లు దిగిన కొన్ని దశాబ్దాల్లో కుప్పకూలింది. 1992లో కెనడా వేట ఆపేసింది, సుమారు 30 వేలమంది పని పోయింది. చేప సైజు తగ్గిపోతోందని ఒడ్డు దగ్గర వల వేసే చిన్న జాలర్లు ముందే మొత్తుకున్నారు, వినేవాళ్లేరి? ఆ నిషేధం పూర్తిగా ఎత్తేసేసరికి 2024 వచ్చింది. ఈలోపు కాడ్ లేని చోట రొయ్యలూ పీతలూ విరగబడ్డాయి. సముద్రం ఖాళీగా ఉండదు. ఒకరు పోతే ఇంకొకరు అద్దెకు దిగుతారు.

వేట ఒక్కటే అనుకోకండి, నదులు మోసుకొచ్చేదాన్ని దారిలో ఆపేయడం కూడా ఎత్తుకుపోవడమే. నైలు నదికి ఏటా వచ్చే వరద ఒండ్రుతో, పోషకాలతో మధ్యధరా సముద్రంలోకి దిగేది. ఆ నీటికోసమే కాచుకున్నట్టు సార్డిన్ చేపలు గుంపులుగా వచ్చేవి. 1960లలో ఆస్వాన్ హై డ్యామ్ కట్టి వరదను ఆపారు. 1962లో 18 వేల టన్నుల సార్డిన్ పట్టిన ఈజిప్టు తీరంలో 1968 నాటికి ఐదొందల టన్నులు కూడా దక్కలేదు. అసలు విచిత్రం ఇక్కడుంది. 1980ల తర్వాత చేపలు మళ్లీ పెరిగాయి. ఎందుకంటే నగరాల మురుగు, పొలాల ఎరువులు వరద చేసే పనిని కొంత చేసిపెట్టాయని పరిశోధకులు అంటున్నారు. దీన్ని మంచి అనాలో చెడు అనాలో నాకైతే ఇప్పటికీ పాలుపోదు.

"అయితే ప్లాస్టిక్ వదిలేయమంటావా?" అని కింద ఎవరో ఒకరు అడుగుతారు, తెలుసు. వదిలేయొద్దు, ఏరండి. తెగిపోయి నీళ్లలో తిరిగే నైలాన్ వల ఏళ్ల తరబడి తాబేళ్లనీ చేపల్నీ పట్టి చంపుతూనే ఉంటుంది, దాన్ని బయటికి లాగడం మంచి పనే. కానీ ఆ వలను అక్కడికి తెచ్చిన వేట గురించి నోరు మెదపకుండా స్ట్రా మానేసి చేతులు దులుపుకుంటే కుదరదు. స్ట్రా మానడం తేలిక. సముద్రంలో ఒక ముక్కను వేటకు మూసేద్దాం అని చూడండి, మీటింగ్‌లో కుర్చీలు లేస్తాయి.

మూసేస్తే ఏమవుతుందో న్యూజిలాండ్‌లోని లీ రిజర్వ్ చూపించింది. 1975లో ఏర్పాటైంది, అయిదున్నర చదరపు కిలోమీటర్లు కూడా ఉండదు. అప్పటికి అక్కడి రాళ్లమీద కీనా అనే అర్చిన్లు (ముళ్ల బంతుల్లాంటి సముద్ర జీవులు) నాచునంతా మేసేసి, చాలాచోట్ల నేల బోడిగా ఉండేది. వేట ఆగాక స్నాపర్లు, లాబ్‌స్టర్లు పెరిగి పెద్దవయ్యాయి, అర్చిన్లను తినడం మొదలెట్టాయి, కెల్ప్ అనే పెద్ద నాచు అడవి తిరిగొచ్చింది. ఎవరూ మొక్కలు నాటలేదు. కాకపోతే ఇది రెండు మూడు ఎన్నికల మధ్య జరిగే పని కాదు, దశాబ్దాలు పట్టింది.

అలాగని అన్నీ ఇంత సాఫీగా తిరిగిరావు. ఉత్తర పసిఫిక్‌లో సీ ఆటర్ ఉంటుంది, మన నీటికుక్కకు చుట్టం. 1741లో రష్యా తరఫున వెళ్లిన బేరింగ్ యాత్రతో దాని బొచ్చు సంగతి బయటికి పొక్కింది. 1911లో దేశాల మధ్య ఒప్పందం కుదిరి వేట ఆగేసరికి లక్షల్లో ఉన్నవి రెండు వేలు కూడా మిగల్లేదు. ఆటర్లు పోయినచోట అర్చిన్లు పెరిగి కెల్ప్‌ను నమిలేశాయి. 1960లలో ఆగ్నేయ అలాస్కాకు దాదాపు 400 ఆటర్లను తెచ్చి వదిలారు. ఇప్పుడవి 20 వేలు దాటాయి, కెల్ప్ కోలుకుంది. అందరూ చప్పట్లు కొట్టాలి కదా?

అక్కడి జాలర్లు కొట్టడంలేదు. ఆటర్ రోజుకు తన బరువులో నాలుగో వంతు తింటుంది. అబలోన్ అనే సముద్రపు నత్త, పీత, అర్చిన్, సముద్ర దోసకాయ అని పిలిచే జీవి, ఏదీ వదలదు. "మా బతుకు తినేస్తోంది" అంటున్నారు వాళ్లు. అదీ నిజమే. ఆటర్ లేని ఖాళీలో పెరిగిన సరుకుమీదే వాళ్ల వ్యాపారం నిలబడింది, వాళ్లకు తెలిసిన సముద్రం ఆటర్ లేని సముద్రం. ఎవరో వ్యాపారులు బొచ్చు కోసం రెండు వందల ఏళ్లకింద చేసిన పనికి ఈ రోజు బిల్లు వాళ్ల చేతికొచ్చింది. ఆటర్ పక్షాన ఇంత పొడుగు పోస్ట్ రాసిన నేను, వాళ్లెదురుగా కూర్చుంటే ఏం చెప్పాలో ఇంకా వెతుక్కుంటున్నాను.