గోడ మీది బల్లికి పేరు పెట్టే ముందు

ఇంటి గోడ మీది బల్లి స్థానికమా, బయటి నుంచి వచ్చి చేరిందా అని తేల్చమంటే చాలామంది ముందు రంగు చూస్తారు. నమ్మకూడనిది సరిగ్గా ఆ రంగునే. పగలు ముదురు మచ్చలతో బూడిద రంగులో ఉన్న బల్లే రాత్రి దీపం దగ్గర పాలిపోయి కనిపిస్తుంది.

ఆస్ట్రేలియాలో ఈ పొరపాటుకు బల్లుల ప్రాణాలే పోతాయి. దక్షిణ, ఆగ్నేయాసియాలకు చెందిన హెమిడాక్టిలస్ ఫ్రెనాటస్ అనే ఆసియా ఇంటి బల్లి సరుకుల చాటున ఓడలెక్కి, 1960ల్లో ఉత్తర తీర నగరం డార్విన్‌లో కాపురం పెట్టింది. ఆ తర్వాత బ్రిస్బేన్‌కూ చేరింది. అక్కడి ఇళ్లలో గెహైరా అనే స్థానిక బల్లులూ తిరుగుతుంటాయి. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. పరాయిదనుకుని చీపురు ఎత్తితే, దెబ్బ తినేది స్థానిక బల్లే కావచ్చు.

తేడా వేళ్లలో ఉంది. బల్లి కిటికీ అద్దానికి బయటివైపు అంటుకున్నప్పుడు లోపలి నుంచి చూడండి. తెల్లటి పొట్ట, పరుచుకున్న అయిదేసి వేళ్లు, వాటి కింద మడతలు మడతలుగా మెత్తలు కనిపిస్తాయి. అన్నిటికంటే లోపలివైపు ఉన్న పొట్టి వేలే కీలకం. దానికీ గోరుంటే ఆసియా బల్లి, లేకుంటే గెహైరా. గోరు మరీ చిన్నది కనుక ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసుకోవాలి.

తోక కూడా సాక్ష్యమే, కానీ మాట మార్చే సాక్షి. ఫ్రెనాటస్ తోక మీద వరుసలుగా చిన్న ముళ్లుంటాయి. అయితే తోక తెగి మళ్లీ మొలిస్తే ఆ ముళ్లు తిరిగి రావు. నున్నటి తోక చూసి తీర్పు చెప్పేవారు ఇక్కడే బోల్తా పడతారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల ఇళ్లలో స్థిరపడిన మధ్యధరా బల్లిని, అంటే 1758లోనే స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ పేరు పెట్టిన జాతిని, వీపంతా పరుచుకున్న బుడిపెలు పట్టిస్తాయి.

ఈ బల్లులు ఇంతగా నెగ్గుకు రావడానికి మన దీపాలూ కారణమే. ఆడ ఫ్రెనాటస్ మగదాని వీర్యాన్ని నెలల తరబడి దాచుకోగలదు, కాబట్టి కొత్త చోట సంతతికి ఒక్క ఆడబల్లి చాలు. ఆపై పురుగులన్నీ దీపం చుట్టూ మూగితే, వేగంగా కదిలే ఫ్రెనాటస్‌దే పైచేయి. హవాయిలో మగవాటి అవసరం లేకుండానే గుడ్లు పెట్టే లెపిడోడాక్టిలస్ లుగుబ్రిస్ అనే మరో బల్లి ఇళ్ల దగ్గర వెనక్కి తగ్గింది ఈ పోటీలోనే. తమాషా ఏమిటంటే, అదీ అక్కడికి మనుషుల పడవల్లో చేరిందే అంటారు.

అందుకే చీపురు కంటే ముందు బయటి దీపం స్విచ్ మీదికి చెయ్యి పోవాలంటాను. పురుగులు చెదిరిపోతే ఫ్రెనాటస్‌కు ఆ ఆధిక్యం ఉండదు. దీపం ఆర్పడానికి దాని పేరు తేలనక్కర్లేదు కూడా.