డాక్టరుగారి సంతకం లేనిదే సూది కదలరాదు

అమెరికాలో డాక్టరు సంతకానికి పెద్ద ముప్పు వచ్చిపడింది, మనలో చాలామందికి తెలియనే తెలియదు. 2000లోనే అక్కడి టీకాల సలహా సంఘం ఏసీఐపీ, పెద్దవాళ్లకు వేసే ఫ్లూ, న్యూమోనియా టీకాలకు స్టాండింగ్ ఆర్డర్లు పెట్టుకోమని చెప్పింది. అంటే డాక్టరు ఒక్కసారి కూర్చుని ఏ వయసువాళ్లకు ఏ టీకా, ఎవరికి వేయకూడదు, ఎంత మోతాదు, వేశాక ఊపిరాడకపోతే ఏం చేయాలి, అన్నీ రాసి సంతకం పెట్టేస్తే ఇక నర్సే చూసుకుని వేసేస్తుంది, మనిషి మనిషికీ డాక్టరును అడగక్కర్లేదు. ఇంత ప్రమాదకరమైన ఆలోచనను ఎన్నో క్లినిక్‌లు ఇన్నేళ్లుగా గడప తొక్కనివ్వలేదంటే మెచ్చుకోవాల్సిందే.

2002లో మెడికేర్‌ను, అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్లకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమాను నడిపే కేంద్ర సంస్థ కూడా లొంగిపోయి, ఆస్పత్రుల్లో, నర్సింగ్ హోముల్లో ఈ రెండు టీకాలకూ విడివిడిగా డాక్టరు ఆర్డరు ఉండాలన్న నిబంధన తీసేసింది. అయితే దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా.

ఇప్పుడు వ్యవస్థ ఎంత పకడ్బందీగా నడుస్తోందో చూడండి. బీపీ చూపించుకోవడానికి 67 ఏళ్ల పెద్దాయన వచ్చాడు. టీకా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య హాయిగా ఉంది, నర్సు పక్కనే ఉంది, ఈయనకు టీకా బాకీ ఉందని కంప్యూటర్ కూడా పచ్చ రంగు పెట్టెలో అరుస్తోంది. నర్సు వేయదు, అడగాలి. డాక్టరు వస్తాడు, ఆ పెట్టెను అలవాటుగా ఒక్క నొక్కుతో మాయం చేస్తాడు, షుగరు, మోకాలు, నిద్ర పట్టని గొడవ, మందుల చీటీ అయ్యేసరికి టైమ్ అయిపోతుంది, "టీకా సంగతి వచ్చేసారి చూద్దాం" అంటాడు. వచ్చేసారి ఆయనకు కాస్త జలుబు ఉంటుంది, తగ్గాక చూద్దామంటాడు. చిన్నపాటి జలుబుకు టీకా ఆపక్కర్లేదని ఆ స్టాండింగ్ ఆర్డర్ కాగితంలో రాసి ఉండేది, కానీ ఆ కాగితమే లేదు కదా.

కొన్నిచోట్ల ఫ్లూకు మాత్రం ఒప్పుకుంటారు, న్యూమోనియా టీకాకు ససేమిరా. అదే నర్సు, అదే సూది, అదే భుజం. కారణం అడిగితే న్యూమోనియా లెక్క కష్టమంటారు. నిజమే, ఏది ముందు వేశారు, ఎన్నాళ్లయింది, ఇప్పుడు ఏది వేయాలి అంటూ సిఫార్సులు మారుతూనే ఉంటాయి, 65 ఏళ్ల హద్దును 2024లో 50కి దించారు కూడా. ఇంత చిక్కు లెక్క మూడు గదుల మధ్య పరుగెత్తే డాక్టరు తలలో ఉంటే భద్రం, గోడ మీద కాగితంలో రాసి ఉంటే ప్రమాదం!

కోర్టు కేసుల టెన్షన్ ఒకటి. స్టాండింగ్ ఆర్డర్ కింద ఉండేదీ ఆ డాక్టరు సంతకమేనని గుర్తుచేస్తే మాట మార్చేస్తారు. నర్సులు కాని క్లినిక్ సహాయకులు, అంటే మెడికల్ అసిస్టెంట్లు, టీకా వేయొచ్చా లేదా అన్నది రాష్ట్రానికో రకం, అది మాత్రం నిజమైన ఇబ్బందే. మిగతావాటిలో చాలా వరకు, నలుగురు డాక్టర్లున్న చోట ముగ్గురు సరే అని నాలుగో ఆయన "నా పేషెంట్ల సంగతి నేను చూసుకుంటా" అనడం దగ్గరే ఆగిపోతాయి. దీన్ని పట్టుకుని వెంటపడే మనిషి ఒక్కరున్నా ఆ క్లినిక్‌లో పని జరిగిపోతుంది, అందుకే అలాంటివాళ్లను ముందే కమిటీలో వేసెయ్యాలి.

ఈలోగా మన పెద్దాయన మందుల షాపుకెళ్లి, షాంపూ సీసాల పక్కన కుర్చీలో కూర్చుని టీకా వేయించేసుకున్నాడు. 50 రాష్ట్రాల్లోనూ ఫార్మసిస్టులు పెద్దవాళ్లకు టీకాలు వేయొచ్చు. పైగా ఒంటిమీద మంటపుట్టే పొక్కులు తెచ్చే షింగిల్స్ జబ్బుకు వేసే టీకా, మెడికేర్‌లో మందుల ఖర్చు చూసే పార్ట్ డి కిందకు వస్తుంది కాబట్టి ఆ బిల్లు షాపులో తేలిగ్గా అయిపోతుంది, క్లినిక్‌లో అదో తలనొప్పి.

ఈ అరాచకం ఇక్కడితో ఆగదు. నర్సులు ఎవరినీ అడక్కుండానే బీపీ చూస్తున్నారట, బరువు తూస్తున్నారట, జ్వరం కూడా కొలుస్తున్నారట. థర్మామీటరు పెట్టిన ప్రతిసారీ విడిగా ఓ సంతకం ఉండాలని వెంటనే ఉత్తర్వు తేవాలి.