ఈఎస్‌ఐ లిమిట్ గారికి 21,600 జీతగాడు రాయునది

గౌరవనీయులైన ఈఎస్‌ఐ వేతన పరిమితి గారికి,

జూలైలో 800 రూపాయలు ఇంక్రిమెంట్ పడి నెల జీతం 21,600కు చేరిన ఫ్యాక్టరీ ప్రెస్ మిషన్ ఆపరేటర్ రాయునది ఏమనగా, ఇక్కడ క్షేమం అని రాయడానికి లేదు. నెల జీతం మిమ్మల్ని దాటినవాడికి ఈఎస్‌ఐ, అంటే కార్మికులకు సర్కారు నడిపే ఆరోగ్య బీమా, ఉండదు కదా. మీకేం, 2017 జనవరి 1న 21,000 దగ్గర కూర్చున్నవారు ఇప్పటికీ లేవలేదు. ఇంటద్దె, కందిపప్పు, పిల్లల ఫీజులు ఎక్కడికో పోయాయి, మీ దగ్గరికి మాత్రం ఏ ధరా రాలేదు.

కార్మికుల వైద్యం ఖర్చు ఎలా తగ్గించాలా అని అమెరికాలో బుర్రలు బద్దలు కొట్టుకుంటారట. డాక్టర్ల ఫీజులకు రేట్ల పట్టికలు, మందులకు జాబితాలు, ఆపరేషన్‌కు ముందే అనుమతులు. మీ పద్ధతి ముందు అవన్నీ దండగ. ఈఎస్‌ఐలో ఉన్నవాడి వైద్యానికి ఇంతే ఖర్చు పెట్టాలనే పరిమితి లేదు (నిజంగానే లేదు, ఈ మాట వెటకారం కాదు), పరిమితి అంతా వాడి జీతానికే, అది దాటాడా, రోగిని తీసేస్తే ఖర్చు దానంతటదే పోతుంది.

మీకు మర్యాద తెలుసు, పెరిగిన రోజే గెంటరు. సెప్టెంబరు 30 దాకా నా వాటా 0.75 శాతం, ఓనరు వాటా 3.25 శాతం కోయించుకుంటారు, మా అమ్మ షుగర్ మాత్రలు ఆ తర్వాత కూడా కొన్ని నెలలు ఇప్పిస్తారు. కానీ అక్టోబరు 1న అదే ప్రెస్ కింద అదే వేలు నలిగితే మీ లెక్కలో నేను అసలు కార్మికుడినే కాను, ఇక ఓనరు వెంట పడాల్సిందే. మిషన్‌కు నా జీతం పెరిగిన సంగతి ఎవరూ చెప్పలేదు మరి!

ప్రైవేటు పాలసీ తీసుకోమని హెచ్‌ఆర్ సార్ సలహా. అమ్మకు ఉన్న షుగర్‌కు మూడేళ్ల దాకా ఆగాలంటున్నారు అక్కడ, షుగర్ ఆగుతుందా? ఇంక్రిమెంట్ వద్దు సార్, వెనక్కి తీసేసుకోండి అంటే ఆయన నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. ఓనరు మాత్రం యమా హుషారుగా ఉన్నాడు, నా పేరు మీద నెలనెలా కట్టేది ఆరేడు వందలు మిగిలిపోయాయిగా, అంటే నాకిచ్చిన 800లో చాలావరకు నా ఈఎస్‌ఐ డబ్బే.

1948లో మీరు 400 రూపాయలేనట. అక్కడినుంచి 21,000 దాకా ఎక్కారు కాబట్టి కదలడం చేతకాదని ఒప్పుకోను. ఇంకో వెయ్యి జరగండి చాలు, నేనూ లోపల పట్టేస్తాను.

ఇట్లు,
600 రూపాయల తేడాతో ధనవంతుడైనవాడు