పాత విండోస్ జోలికి హ్యాకర్లు రారట!

"విండోస్ 11 తీసేసి 7 వేయించుకోండి. సిస్టమ్ రాకెట్‌లా పోతుంది, పాతదాని జోలికి హ్యాకర్లు రారు, మైక్రోసాఫ్ట్ మనల్ని చూడలేదు, ఫైళ్లు పోవు." ఈ వారం ఈ మెసేజ్ నాకు ఐదుసార్లు వచ్చింది. ఐదోది గుంటూరు నుంచి మా బావగారు పంపారు, పొద్దున్నే లాప్‌టాప్ షాపులో ఇచ్చేసి మరీ.

స్పీడు కావాలంటే హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (దానికంటే వేగంగా నడిచే డిస్క్) వేయించండి, ఫ్యాన్‌లో దుమ్ము దులిపించండి. మైక్రోసాఫ్ట్ చూస్తోందన్న భయం ఫోన్లో లొకేషన్ ఆన్‌లో పెట్టుకుని ఫార్వర్డ్ చేస్తున్నారు, సరే.

ఇక హ్యాకర్లు రారట! 2017 మేలో ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వానాక్రై వైరస్ వచ్చినప్పుడు ఎక్కువగా పడిపోయినవి విండోస్ 7 సిస్టమ్‌లే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. దాని విరుగుడు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది, జనం వేసుకోలేదు. ఇప్పుడు కొత్తగా చిల్లు బయటపడితే వేసుకుందామన్నా విరుగుడు లేదు: 2020 జనవరి 14తో 7కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. 2023లో క్రోమ్ కూడా దాన్ని వదిలేసింది. కొత్త విండోస్‌లో ఒక చిల్లు పూడ్చారంటే, పాతదాంట్లో ఎక్కడ వెతకాలో దొంగకి చెప్పినట్టే. పైగా ఆ 7 ఎక్కడిది? ఎవరిదో పెన్ డ్రైవ్‌లోది. కొనని విండోస్‌ని కొన్నట్టు చూపించే యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపాలట. ఇంకేం, దొంగనే పిలిచి తాళం వేయించుకోండి!

ఫైళ్లు పోవా? 10 నుంచి 11కి మారినవాళ్లకి వెనక్కి వెళ్లే వీలు మామూలుగా పది రోజులే, అదీ 10కే. 7 కావాలంటే సీ డ్రైవ్ తుడిచి కొత్తగా ఎక్కించాల్సిందే. సాయంత్రం బావగారు ఫోన్ చేశారు: వైఫై లేదు, మౌస్ బాణం తెర మధ్యలో బిగుసుకుపోయింది. కొత్త మిషన్‌లో వైఫై, మౌస్ లాంటివి 7లో పనిచేయించే డ్రైవర్లు ఎవరు రాస్తారు? మా మేనకోడలి ప్రాజెక్టు డెస్క్‌టాప్ మీదే, అంటే ఆ సీ డ్రైవ్‌లోనే, ఉండేది. ఉండేది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. విజయవాడ గవర్నర్‌పేటలో శుభలేఖలు వేసే మా స్నేహితుడికి పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్, తెలుగు అక్షరాల అను ఫాంట్లు లేకపోతే పూట గడవదు. పోయినేడు అతని పాత డబ్బాలో 10 తీసి 7 వేసిచ్చింది నేనే. దానికి నెట్ వైరు పీకేశాం, వైఫై అసలు లేదు. బావగారూ, మీరు బ్యాంకు పనులు చేసుకునేది ఆ లాప్‌టాప్‌లోనే కదా?