పది కొత్త పాటలు వాయించిన మొండితనం
పాత బ్యాండ్ల కచేరీకి జనం వచ్చేది పాత హిట్ల కోసమేనని, కొత్త పాట ఎత్తుకోగానే బాత్రూమ్ దారి పడతారని ఎవరో రాశారు. సగమే ఒప్పుకుంటాను. 2006లో బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ తమ కొత్త ఆల్బమ్‌లోని పది పాటలనూ వరసగా వాయించింది, పాతవి చివర్లో ఓ ఐదు. గొణిగినవాళ్లు గొణిగారు, నాకు మాత్రం ఆ మొండితనం నచ్చింది. 2007 మార్చిలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చేసరికి కొత్తవి సగానికి తగ్గించేశారు. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సులో వెళ్లి చూశాను. 'ఫియర్ ఆఫ్ ది డార్క్' మొదలవగానే మైదానమంతా పాడింది, నా గొంతు రెండు రోజులు లేవలేదు. కానీ 1992లో అదీ కొత్త పాటే కదండీ! 2025 టూర్‌లో మాత్రం 1992 తర్వాత వచ్చిన పాట ఒక్కటీ లేదు.