పూడికతీత విధానానికి నా మద్దతు

పరిశోధకుల బాగోగులు పట్టించుకునే నాథుడే లేడని కొందరు ఆడిపోసుకుంటుంటారు. అన్యాయం. యూరోపియన్ కమిషన్ 2005లోనే 40 సూత్రాలతో పరిశోధకుల చార్టర్ ప్రకటించింది. 2023లో కొత్త చార్టర్ వచ్చి అవి 20 అయ్యాయి. కష్టాల సంగతేమో గానీ, వాటి గురించి చదవాల్సింది సగానికి తగ్గిందా లేదా?

బ్రిటన్ విశ్వవిద్యాలయాలైతే 2019 నాటి ఒడంబడికలో, పరిశోధకుల వృత్తి వికాసానికి ఏడాదికి కనీసం 10 రోజులు దామాషా చొప్పున రాసిచ్చాయి. మూడు నెలల పొడిగింపు మీద బతికే పోస్ట్‌డాక్‌కు (డాక్టరేట్ అయ్యాక తాత్కాలిక కొలువులో ఉన్న పరిశోధకుడికి) రెండున్నర రోజులన్నమాట. మొదటి రోజు కెరీర్ ప్లాను. 'అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటారు?' అన్న గడిలో నాకు తెలిసినావిడ 'ఇక్కడే' అని రాసింది. ప్లాను వాస్తవికంగా ఉండాలని తిప్పిపంపారు. రెండో రోజు ఒత్తిడిని తట్టుకోవడంపై శిక్షణ. నేర్పేవాడూ కాంట్రాక్టు మనిషే కాబట్టి అనుభవానికి లోటుండదు. మిగిలిన పూట సర్టిఫికెట్ కోసం లైన్లో నిలబడటానికి సరిపోతుంది.

దాపరికం లేకుండా మాట్లాడింది జర్మనీ ఒక్కటే. అక్కడి 2007 చట్టం ప్రకారం డాక్టరేట్‌కు ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు తాత్కాలిక కొలువు చేయొచ్చు. వైద్యరంగంలో ఆ రెండోది తొమ్మిదేళ్లు. ఆపైన పర్మనెంటు పోస్టన్నా దొరకాలి, ఏదో ఒక ప్రాజెక్టు డబ్బు పట్టుకుని వేలాడనన్నా వేలాడాలి. ఎందుకిలా అంటే, హన్నా అనే కల్పిత జీవశాస్త్రవేత్తతో వీడియో తీసి మరీ అక్కడి మంత్రిత్వ శాఖ వివరించింది: పోస్టులన్నీ ఒకే తరం పట్టుకు కూర్చుంటే వ్యవస్థ పూడుకుపోతుందట. 2021లో పరిశోధకులు 'నేనే హన్నాని' అంటూ సోషల్ మీడియాలో విరుచుకుపడ్డారు. ప్రభుత్వం వెంటనే స్పందించి తొలగించింది. చట్టాన్ని కాదు, వీడియోను.

నాకైతే ఆ మాటలో తప్పేమీ కనపడలేదు. కాలువన్నాక పూడిక తీయాల్సిందే. ముప్పై ఏళ్లుగా కదలని ప్రొఫెసర్ల మాటేమిటని అడక్కండి. వాళ్లు పూడిక కాదు, గట్టు.

మనిషిని జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో, అంటే ఒక పత్రికలోని వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకెతో, తూచొద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ప్రకటన కూడా ఒకటుంది. దానిమీద సంతకం చేసిన చోట్ల ఇప్పుడు ఆ అంకెను పైకి చదవడం లేదు. మనసులో చదువుకుంటున్నారు.

ఇక కాంట్రాక్టు ముగింపు. 31 అర్ధరాత్రి ఐడీ కార్డు చచ్చిపోతుంది. ఇంక్యుబేటర్లో కణాలు మాత్రం బతికే ఉంటాయి, రెండు మూడు రోజులకోసారి మీడియం (అవి పెరిగే పోషక ద్రవం) మార్చమంటాయి. ఒకటో తేదీ పొద్దున్నే ల్యాబ్ తలుపు దగ్గర ఒకాయన్ని చూశాను. ఎవరైనా కార్డు గీకితే వెనకాలే దూరుదామని చూస్తున్నాడు. పొడిగింపు ఖాయమేనట, సంతకం ఒక్కటే బాకీ. సంతకం పెట్టాల్సిన పెద్దాయన పరిశోధకుల సంక్షేమం మీద సదస్సుకు వెళ్లారు. సోమవారం వస్తారట. కణాలకు ఎవరైనా చెప్పారో లేదో.